మెదడులో కొమ్మకో లెక్క

న్యూరాన్ అంటే ఏంటని ఏఐ కోర్సు చేసిన ఎవరినైనా అడగండి. వచ్చిన నంబర్లన్నీ కూడుతుంది, మొత్తం ఒక హద్దు దాటితే సిగ్నల్ పంపుతుంది, అంతే అంటారు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా నాకు తెలిసిన న్యూరాన్ కూడా అదే. పనికొస్తుంది, డౌట్ లేదు. కానీ మీ తలలో ఉన్నది అది కాదు.

అసలు న్యూరాన్ చెట్టులా ఉంటుంది. దాని కొమ్మల్ని డెండ్రైట్లు అంటారు. వేల సిగ్నళ్లు వచ్చి వాలేది ఎక్కువగా ఈ కొమ్మల మీదే. వాటిని మోసుకొచ్చే వైర్లే ఇవి అని చాలాకాలం అనుకున్నారు.

మా పెబ్బేరు సంత చూసినవాళ్లకు అసలు సంగతి ఈజీగా అర్థమవుతుంది. ఎడ్ల దగ్గర ఒక బేరం, గొర్రెల దగ్గర ఇంకో బేరం. మొత్తం సంతకు ఒకే రేటు చెప్పేవాడు ఎవడూ ఉండడు. డెండ్రైట్లూ అంతే. ఒకే కొమ్మ మీద దగ్గరదగ్గరగా, ఒకేసారి సిగ్నళ్లు పడితే ఆ కొమ్మ తనంతట తానే ఒక చిన్న విద్యుత్ స్పైక్ పుట్టించగలదు. అవే సిగ్నళ్లు వేరే వేరే కొమ్మల మీద చెదిరి పడితే ఏమీ జరగకపోవచ్చు. ఎన్ని వచ్చాయన్నదే కాదు, ఎక్కడ పడ్డాయన్నదీ ముఖ్యమే. అందుకే ఒక్క న్యూరాన్‌ను రెండు పొరల నెట్‌వర్క్‌గా చూడొచ్చని 2003లో పనయోటా పొయిరాజీ, బార్ట్‌లెట్ మెల్ బృందం మోడల్‌తో చూపించింది.

నాకు బాగా నచ్చింది మాత్రం 2020 నాటి బెర్లిన్ ప్రయోగం. మూర్ఛ, ట్యూమర్ ఆపరేషన్లలో తీసిన మనిషి మెదడు ముక్కల్ని మాథ్యూ లార్కమ్ బృందం పరీక్షించింది. పైపొరల న్యూరాన్ల కొమ్మల్లో ఒక వింత స్పైక్ కనిపించింది. సిగ్నల్ సరిగ్గా హద్దు దాకా వస్తే స్పైక్ బలంగా ఉంది. సిగ్నల్ ఇంకా పెంచితే స్పైక్ తగ్గిపోయింది!

మెట్ల లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ ఉంటాయి కదా. ఏదో ఒకటి మార్చితే లైటు వెలుగుతుంది, రెండూ మార్చితే ఆరిపోతుంది. బీటెక్‌లో చదువుకున్న ఎక్సార్ గేట్ ఇదే. ఒకే పొర ఉన్న పెర్సెప్ట్రాన్‌కు ఇది చేతకాదని మిన్‌స్కీ, పేపర్ట్ 1969లోనే పుస్తకం రాశారు. ఆ పనిని మనిషి న్యూరాన్‌లోని ఒక్క కొమ్మే చేయగలదని బెర్లిన్ బృందం కంప్యూటర్ మోడల్‌లో చూపించింది. ఆలోచిస్తున్న తలలో కాదులెండి, ల్యాబ్‌లోని ముక్కల్లో కొలిచి, వాటి ఆధారంగా వేసిన లెక్క అది.

ఆ మరుసటి ఏడాది జెరూసలేంలో ఇంకో లెక్క తేలింది. మెదడు పైపొర న్యూరాన్ ఒక్కదాన్ని సరిగ్గా అనుకరించాలంటే ఐదు నుంచి ఎనిమిది పొరల డీప్ నెట్‌వర్క్ కావాల్సి వచ్చింది. మనకు అలాంటి న్యూరాన్లు కోట్ల కొద్దీ ఉన్నాయి. ఏఐలో ఇన్ని న్యూరాన్లు ఉన్నాయి, మెదడును దాటేస్తుంది అని ఎవరైనా లెక్కలు చెబితే, ఏ న్యూరాన్ అని ఒకసారి అడగండి.

ఈ పని దూరదేశాల్లోనే జరగట్లేదు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబర్ హైవే పట్టుకుంటే బెంగళూరు వస్తుంది. అక్కడి ఐఐఎస్‌సీలో రిషికేశ్ నారాయణన్ ల్యాబ్ డెండ్రైట్ల మీదే పనిచేస్తోంది. ప్రయోగాలతో పాటు కంప్యూటర్ మోడల్స్ కూడా కడతారు, కాబట్టి కోడింగ్ వచ్చినవాళ్లకూ అక్కడ పని ఉంటుంది.