పనికి పోవు బండికి ఎట్టి భీమా చేయవలెను?

మగ్గము ఇంటిలోనే యున్న రోజులలో నేతపనివాడు పనికి పోవుటయనగా వసారాలోనుండి మగ్గపు గుంటలోనికి దిగుట మాత్రమే. దారి లేదు, బండి లేదు, భీమా మాట అసలే లేదు. ఇప్పుడట్లు కాదు. షోలాపురము పూర్వభాగమునుండి అక్కలకోట రోడ్డు కార్ఖానాలకు, భివండిలో పవర్‌లూము షెడ్లకు, దొడ్డబళ్ళాపురములోను సేలములోను నూలు అంగళ్ళకు మనవారు ప్రతిదినము బండ్లమీదనే పోవుచున్నారు. చాల ఇండ్లలో స్కూటరో మోటారు సైకిలో యున్నది. పిల్లలు ఉద్యోగములలో కుదిరిన పిమ్మట కొందరిండ్లకు కారు కూడ వచ్చినది. బండి కొనునప్పుడు రంగు, మైలేజి, వాయిదా సొమ్ము, అన్నియు నలుగురిని అడిగి తెలిసికొందుము. భీమా కాగితము మాత్రము అంగడివారు ఇచ్చినది ఇచ్చినట్లే మడిచి డిక్కీలో పెట్టుదుము. అందులో ఏమున్నదో, ఏమి లేదో చూచుట ప్రమాదము జరిగిన తరువాతనే. కావున ఆ కాగితమును గురించి ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మొదట చట్టము సంగతి. మన దేశములో మోటారు బండికి భీమా తప్పనిసరి అగుట క్రొత్త సంగతి కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టములోని ఆ భాగము 1946 జులై 1 నుండియే అమలులోనికి వచ్చినది. ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. ఇది అడుగునది ఒక్కటే: మన బండివలన ఇతరులకు కలుగు నష్టమునకు భీమా యుండవలెను. దీనినే థర్డ్ పార్టీ భీమా అందురు. ఇది లేక బండి నడిపినచో 2019 సవరణ ప్రకారము మొదటిసారి 2000 రూపాయలు, మరల పట్టుబడినచో 4000 రూపాయలు జరిమానా, లేదా మూడు నెలలవరకు జైలు, లేదా రెండును.

అయితే జరిమానాను చూచి భయపడుట చిన్న భయము. మన బండి తగిలి ఒక మనిషి చనిపోయినాడనుకొందము. అతని వయస్సును, సంపాదనను, అతనిపై ఆధారపడినవారిని లెక్కించి ట్రిబ్యునలు నష్టపరిహారము నిర్ణయించును. అది లక్షలలో నుండును. భీమా యున్నచో ప్రాణనష్టమునకు ఇంతే యను హద్దు లేకుండ కంపెనీ చెల్లించును. లేనిచో బండి యజమాని చెల్లించవలెను. ఇల్లు, మగ్గములు, నూలు నిల్వ, అన్నియు జప్తుకు లోబడును. ఇంత రక్షణకు ఖర్చెంత? 2022 జూన్ 1 నుండి అమలు చేసిన రేట్లలో 75 మొదలు 150 సి.సి. వరకుగల మోటారు సైకిలుకు ఏడాదికి 714 రూపాయలు, 1000 సి.సి.కి మించని కారుకు 2094, అంతకు పైన 1500 వరకు 3416 రూపాయలు. వీనిపై పన్ను వేరు. ఈ రేటు ప్రభుత్వము నిర్ణయించునది గనుక ఏ కంపెనీకి పోయినను ఒక్కటే. దీనిలో బేరము లేదు.

ఇక మన కుటుంబములకు అన్నిటికంటె ముఖ్యమైన సంగతి చెప్పెదము. భర్త బండి నడుపును, భార్య వెనుక కూర్చుండును, ఇద్దరును కలిసి ఒకే షెడ్డుకు పనికి పోవుదురు. ఇది మన పేటలలో ప్రతి ఉదయము కనపడు దృశ్యము. ఆ బండికి థర్డ్ పార్టీ భీమా ఒక్కటే యున్నది. బండి జారి భార్యకు కాలు విరిగినది. ఆమెకు ఆ భీమా వర్తించునా? వర్తించదు. చట్టముకొరకు మాత్రము తీసికొన్న పాలసీలో వెనుక కూర్చున్నవారు చేరరని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అదే ప్యాకేజీ పాలసీ, అనగా కాంప్రహెన్సివ్ అని పిలుచునది, యున్నచో వెనుక కూర్చున్నవారిని, కారులోనివారిని చేర్చి కంపెనీ బాధ్యత వహించవలెను. భీమా నియంత్రణ సంస్థ 2009లో కంపెనీలకు ఈ సంగతి స్పష్టముగా తెలిపినది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడ ఆ తేడానే చూపినది. కారులో నలుగురు తోటి పనివారిని కూర్చుండబెట్టుకొని పోవువారికిని ఇదే మాట. బండి పాతది, దానికి పెద్ద భీమా ఎందుకు అని మనవారు అందురు. బండి పాతదే కాని వెనుక కూర్చున్న మనిషి పాత సామాను కాదు గదా! ఈ ఒక్క కారణమునకే, ఇద్దరు కలిసి పోవు బండికి ప్యాకేజీ పాలసీయే తగినదని మా అభిప్రాయము.

నడుపువాని సంగతి మరియొకటి. బండి యజమాని తానే నడుపుచు గాయపడినచో, లేక చనిపోయినచో, థర్డ్ పార్టీ భాగములో అతనికేమియు రాదు. అందుకు 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద భీమా వేరుగా తీసికొనవలసి యున్నది. 2018 నుండి ఈ మొత్తము అమలులో నున్నది. అయితే ఇది ఆర్.సి. పుస్తకములో పేరున్న యజమానికి మాత్రమే. అతనికి సరియైన లైసెన్సును ఉండవలెను. మన ఇండ్లలో జరుగునదేమి? బండి తండ్రి పేర నుండును, తండ్రి దానిని ముట్టడు. కుమారుడు దినము నడుపును. కుమారునికి ఏదైన జరిగినచో ఆ 15 లక్షలు రావు. అరువు తెచ్చిన బండి నడుపువాడు యజమాని స్థానములో నిలుచునని 2009లో నింగమ్మ కేసులోను, తరువాత 2020లో రామ్‌ఖిలాడి కేసులోను సుప్రీంకోర్టు చెప్పినది గనుక, తప్పు ఎవరిదను విచారణ లేకుండ పరిహారమిచ్చు సెక్షను క్రింద ఆ బండి భీమాకంపెనీనుండి అడుగుటకును వీలు లేదు. కావున ఎవరు నడుపుదురో వారి పేరనే బండి యుండుట మేలు. అది కుదరనిచో నడుపువారికి వేరుగా ప్రమాద భీమా చేయించవలెను. ఏమియు చేయలేనివారు బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా భీమాకైనను సంతకము చేయవలెను: 18 మొదలు 70 ఏండ్ల వయస్సువారికి, 2022 నుండి ఏడాదికి 20 రూపాయలు మాత్రమే, ప్రమాదములో మరణించినచో 2 లక్షలు. బండి నడుపని స్త్రీలు కూడ దీనిని తీసికొనవచ్చును.

ఇంగ్లండులో నున్న మన పిల్లలు అక్కడ కారు భీమా చేయునప్పుడు, ఉద్యోగమునకు కారులో పోవుదురా లేదా అని కంపెనీ ప్రత్యేకముగ అడుగుననియు, దానినిబట్టి పాలసీ మారుననియు చెప్పుదురు. మన దేశములో ఆ చిక్కు లేదు. స్వంత కారులో పనికి పోవుట, స్వంత వ్యాపారముమీద తిరుగుట మామూలు పాలసీలోనే చేరియున్నవి. కాని మన వృత్తివారికి వేరొక చిక్కు గలదు. స్వంత కారు పాలసీలో, మోటారు సైకిలు పాలసీలో, ఉపయోగముపై హద్దులు అను భాగమును చదువుడు. బాడుగకు త్రిప్పుట, సరుకు రవాణా, ఈ రెండును అక్కడ మినహాయింపులుగా వ్రాసి యుండును. సరుకులో మాదిరి నమూనాలకు, స్వంత సామానునకు మాత్రమే అనుమతి. నాలుగు చీరెలు మాదిరికి తీసికొని అంగడికి పోవుట వేరు. వెనుక సీటు మడిచి నూలు బేళ్ళు, తువాళ్ళ మూటలు నింపుకొని ప్రతివారము బజారుకు పోవుట వేరు. ఆ రెండవ ప్రయాణములో కారు దెబ్బతినినచో క్లెయిము త్రోసిపుచ్చుటకు కంపెనీకి ఆధారము దొరకును. తోటివారినుండి దినమునకింతయని బాడుగ వసూలుచేసి కారులో ఎక్కించుకొనువారు కూడ ఇట్లే చిక్కుకొందురు. సరుకు త్రిప్పుట మీ నిత్యకృత్యమైనచో సరుకు బండిగా రిజిస్టరైన ట్రాలీ ఆటోను పెట్టుకొనుటయే సరియైన మార్గము. ఏ బండియైనను అందులోని చీరెలకు మోటారు భీమా వర్తించదు. వానికి రవాణా భీమా వేరుగా చేయవలెను.

సరుకు బండి మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. మూటలమీద మనుష్యులను కూర్చుండబెట్టుకొని పోవు అలవాటు మనలో ఇంకను పోలేదు. సరుకు యజమానికి, లేక అతని ప్రతినిధికి చట్టము రక్షణ నిచ్చినది. దారిలో ఊరక ఎక్కినవారికి ఈయలేదు. 2002లో ఆశారాణి కేసులో ఇది తేలినది.

ఇక బండికి కలుగు నష్టము. ప్యాకేజీ పాలసీలో బండి విలువను ఐ.డి.వి. అని వ్రాయుదురు. కంపెనీ ధరనుండి వయస్సునుబట్టి తరుగు తీసివేయగా వచ్చిన మొత్తమిది. ఒక ఏడాది నిండి రెండవ ఏడు నడుచుచుండగా 20 శాతము, నాలుగేండ్లు దాటి అయిదవ ఏడులో 50 శాతము తరుగు. 6 లక్షల కారు అయిదవ ఏట దొంగిలింపబడినచో వచ్చునది సుమారు 3 లక్షలే. ప్రీమియము తగ్గునని కొందరు ఏజెంట్లు ఈ విలువను ఇంకను తగ్గించి వ్రాయుదురు. రెండు మూడు వందలు మిగులును, దొంగతనము జరిగిననాడు వేలు పోవును.

మరమ్మతు బిల్లులో మనవారికి కోపము తెప్పించునది కూడ తరుగే. మూడున్నర ఏండ్ల చిన్న కారునకు ప్లాస్టిక్ బంపరు 8000, ఇనుప తలుపు 12000, మొత్తము 20000 బిల్లు అయినదనుకొందము. ప్లాస్టిక్, రబ్బరు, టైరు, బ్యాటరీలకు సగము తరుగు, అనగా బంపరుకు 4000 మాత్రమే వచ్చును. లోహపు భాగములకు ఆ వయస్సులో 25 శాతము తరుగు గనుక తలుపునకు 9000. ఈ 13000లో మొదటి 1000 మనమే భరించవలెనను షరతు గలదు. చేతికి వచ్చునది 12000. మిగిలిన 8000 మన జేబునుండియే. ఇది మోసము కాదు, పాలసీలో వ్రాసినదే. తరుగు లేని అదనపు రక్షణ కొన్నచో ఇందులో 7000 మిగిలెడివి. కారు క్రొత్తదైనంతవరకు, ఇరుకు బజారులలో దినము నడుపువారికి, ఆ అదనపు ఖర్చు వృధా కాదు.

వానకాలములో నీరు నిలుచు ఊళ్ళవారికి ఇంకొక మాట. 2005 జులై 26న బొంబాయి శాంతాక్రూజులో ఒక్కదినములో 944 మిల్లీమీటర్ల వాన పడినది. మునిగిన బండికి ప్యాకేజీ పాలసీ వర్తించును. కాని నీటిలో నిలిచిపోయిన ఇంజనును మరల త్రిప్పగా లోపల నీరు చేరి విరిగినచో, అది వరద నష్టము కాదని, మీరు చేసికొన్నదని కంపెనీ అనును. బొంబాయి, భివండి, సూరతు వంటి చోట్ల ఇంజను రక్షణ అను అదనపు షరతు తీసికొనుట అవసరము. తీసికొన్నను, తీసికొనకపోయినను, మునిగిన బండిని స్టార్టు చేయరాదు. త్రాడు కట్టి లాగించుకొని పోవలెను.

క్లెయిము లేని ఏండ్లకు తగ్గింపు గలదు. మొదటి ఏడు 20 శాతము, తరువాత 25, 35, 45, అయిదేండ్లకు 50. ఇది స్వంత నష్టపు ప్రీమియముపై మాత్రమే. అసలు ప్రీమియము 8000 అయి, మీకు సగము తగ్గింపు వచ్చుచున్నదనుకొందము. 2500 రూపాయల గీతకు క్లెయిము చేసినచో వచ్చే ఏడు 4000 ఎక్కువ కట్టవలెను. చిన్న గీతలను మన ఖర్చుతో దిద్దుకొనుటయే లాభము. పాలసీ గడువు ముగిసి 90 దినములలోగా మరల కట్టనిచో ఈ తగ్గింపంతయు పోవును.

క్రొత్త బండి కొన్నవారు గమనింపవలసినది: 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త కారుకు మూడేండ్లు, మోటారు సైకిలుకు అయిదేండ్లు థర్డ్ పార్టీ భీమా ఒక్కసారిగా తీసికొందురు. అయిదేండ్ల భీమా యున్నదిగదా అని మనవారు నిశ్చింతగా నుందురు. స్వంత నష్టపు భాగము తరచుగ ఒక్క ఏడాదికే యుండును. కాగితములో రెండు గడువు తేదీలుండును, రెండును చూడుడు. బండి తక్కువగా త్రిప్పువారికి, నడిపిన కిలోమీటర్లనుబట్టి ప్రీమియము కట్టు పద్ధతికి 2022 జులైలో అనుమతి వచ్చినది. ఇంటికి మూడు మైళ్ళలో కార్ఖానా యున్నవారు దానిని విచారింపవచ్చును.

పాత బండి కొనువారు మనలో ఎక్కువ. అమ్మినవాని థర్డ్ పార్టీ భీమా కొన్నవానికి బండితోపాటు వచ్చును. స్వంత నష్టపు భాగము కంపెనీ పుస్తకములలో పేరు మారువరకు రాదు. కొన్న 14 దినములలోగా కంపెనీకి దరఖాస్తు చేయవలెను. తగ్గింపు మాత్రము బండిది కాదు, మనిషిది. అమ్మినవాడు దానికి సర్టిఫికెట్టు తీసికొని తన తరువాతి బండికి వాడుకొనవచ్చును. కొన్నవాడు సున్ననుండి ప్రారంభింపవలెను.