సముద్రపు గాలానికి రీలు

మీవారికి విశాఖ తీరాన రాళ్ళమీద నుంచుని గాలం వేసే సరదా ఉందనుకోండి. పుట్టినరోజుకి రీలు కొనిపెడదామా? పోపులడబ్బా డబ్బు నీళ్ళపాలు కాకుండా చూసుకోవాలి సుమండీ! చెరువుల్లో వాడే చవకరకం ఉప్పునీటికి ఆగదు. లోపల ఉప్పు చేరి బిగుసుకుపోతుంది. అలాగని అన్నిటికన్నా ఖరీదైనదీ అక్కర్లేదు, మధ్యరకం చాలు. షాపువాడు బేరింగులు ఎన్నున్నాయో లెక్క చెబుతాడు, అది పక్కన పెట్టండి. బాడీ లోహానిదేనా, నీళ్ళు చొరకుండా సీళ్ళున్నాయా అని అడగండి. పెద్ద చేప గుంజినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలేది డ్రాగ్. దాన్ని కాస్త బిగించి దారం లాగితే కుదుపుల్లేకుండా రావాలి. ఒడ్డునుంచి వేసేవారికి సాధారణంగా 4000 సైజు స్పిన్నింగ్ రీలు సరిపోతుంది. వారి రాడ్డు ఎలాంటిదో ముందే చూసిపెట్టుకోండి. వాడి వచ్చిన ప్రతిసారీ డ్రాగ్ బిగించి, మంచినీటి సన్నధార కింద కడిగి, ఆరాక వదులు చెయ్యాలి. ఆ పని మాత్రం వారిచేతనే చేయించండి!