శాసనసభ ముంగిట రాయబారులు

వేతనము గైకొని, పరుల పక్షమున శాసనసభ్యులను గలిసికొని, చట్టములను తమ యజమానుల కనుకూలముగ మార్పింప యత్నించువారిని అమెరికాలో లాబీయిస్టులందురు. విన్నపము చేసికొనుట ప్రజల హక్కని ఆ దేశపు రాజ్యాంగమే చెప్పుచున్నది. కావున అచ్చటి ప్రభుత్వములు విన్నపమును మాన్పక, అందలి రహస్యమును మాన్పఁ జూచినవి.

మసాచుసెట్సు రాష్ట్రము 1890లోనే లాబీయిస్టుల పేర్లును వ్యయములును నమోదు కావలెనని శాసించెను. విస్కాన్సిన్ రాష్ట్రమున వీరు అధికారులకు భోజనము పెట్టుట సైతము సాధారణముగ నిషిద్ధము. కేంద్ర ప్రభుత్వపు 1995 చట్టము యజమాని యెవరో, యే విషయమునకై యత్నించిరో, సొమ్మెంతయో వెల్లడింపుమనుచున్నది. 2007 సవరణచే మూఁడు నెలల కొకసారి నివేదిక నీయవలెను.

ఇందు రైతు గ్రహింపవలసిన దేమి? తనకు వ్యతిరేకముగ నెవరేమి చెప్పిరో తెలియనివాఁడు ప్రత్యుత్తర మీయఁజాలఁడు. మన సంఘపు లెక్కలు సభ్యుల యెదుట నుండవలెనని మేము పలుమారు వ్రాయుటకును హేతువిదియే. అయినను పుస్తకమున వ్రాసినంతనే చాలదు. దానిని విప్పి చూచువారును వలయును.