పెట్టె తగ్గితే జీతం కోస్తారా?

శుక్రవారం బతాలో కార్గో దుకాణాల దగ్గర ఇంటికి సామాను పంపేవాళ్లే కాదు, అవే పెట్టెలను గోదాముల్లో బండెక్కించే మనవాళ్లూ కలుస్తారు. "అన్నా, పెట్టె తగ్గిందని జీతంలో కోసిండ్రు" అనే మాట వాళ్ల దగ్గర తరచూ వింటుంటాను.

పెట్టె ఎక్కడ తగ్గుతుందో చూడండి. లోడింగప్పుడు ప్రతి పెట్టె చీటీనీ స్కానర్‌తో కొడతారు. కొట్టగానే అది ఆ బండి లెక్కలో చేరుతుంది. కొట్టాక జాగా లేక పెట్టెను కింద దించేశారనుకోండి, కంప్యూటర్‌లో అది బండిలో ఉంటుంది, అసలు పెట్టె నేల మీద ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదం, మీ లాగిన్‌తో ఇంకొకరు కొట్టడం. టీ తాగడానికి వెళ్లినా స్కానర్ లాగౌట్ చేసే వెళ్లండి. రికార్డులో పడేది మీ పేరే.

ఇక చట్టం. సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ ప్రకారం, మీ అధీనంలో ఉన్న యజమాని సరుకు మీ తప్పువల్లే పోతే కోయవచ్చు, వేరేవాళ్ల తప్పైతే కాదు. అదీ నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. బీకాం చదివినవాణ్ని, లెక్క చెప్పకుండా ఉండలేను: జీతం 1,500 రియాళ్లైతే రోజుకు 50, ఐదు రోజులకు 250. ఒకే నెలలో 600 కోస్తే అడిగే హక్కు మీది. అయితే గడువు చిన్నది, మీకు తెలియజేసిన నాటినుంచి 15 పనిదినాలే.

చట్టం చెప్పినవి కాక వేరే కోతలకు మీ రాతపూర్వక అంగీకారం కావాలి. అందుకే అరబీ కాగితం తెచ్చి "సైన్ చెయ్" అంటారు. చదివించుకోకుండా పెట్టకండి. బండి తలుపు మూయగానే బండి నంబరు, పెట్టెల లెక్క, టైము సూపర్‌వైజర్‌కు వాట్సాప్ చేయండి. రేపు మీ మాటకు సాక్ష్యం అదే.

ఫిర్యాదుకు మానవ వనరుల మంత్రిత్వ శాఖ నంబరు 19911. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే కార్మిక కోర్టు.

ఇంటి డ్రైవర్, ఇంటిపని వీసాల మీద వచ్చి గోదాములో చేస్తున్న తమ్ముళ్లూ, మీ సంగతి వేరు. ఇంటిపనివాళ్లకు ఈ చట్టం కాదు, వేరే నిబంధనలున్నాయి. పైగా కఫీల్ దగ్గర కాక బయట పని చేయడమే ఇబ్బంది తెస్తుంది. ఫిర్యాదుకు ముందే రియాద్‌లోని భారత రాయబార కార్యాలయంలో మాట్లాడండి.