రెండు గదులు, మూడు పటాలు

కొండపల్లి నుంచి తెచ్చుకున్న తెల్లపొణికి ఏనుగును, తిరువూరులో మా ఇంటి బల్ల మీద పరిచిన పటంలో బెజవాడ దగ్గర నిలబెట్టాను. అది హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ సైన్యం. 1759లో ఫ్రెంచివారి చేతిలోని బందరు కోటను ఇంగ్లీషువారు ముట్టడించిన ఘట్టాన్ని మళ్లీ ఆడించాలని నా కోరిక. ఆ పనిలో దిగాకే, పటం మీద యుద్ధం ఆడే పద్ధతిని కనిపెట్టినవాళ్ల తెలివి ఎంతటిదో బోధపడింది.

యుద్ధానికి నకలుగా చదరంగం మన దేశంలోనే పుట్టింది. అయితే అందులో దాపరికం లేదు, ఎదుటివాడి బలగమంతా కళ్లెదుటే ఉంటుంది. వాగు అడ్డం రాదు, గుర్రం అలసిపోదు. ప్రష్యాలో ఫాన్ రైస్విట్జ్ అనే ఉద్యోగి గళ్లను వదిలేసి, 1812లో తమ రాజుకు ఒక బల్ల సమర్పించాడు. కొండలు, నదులు, ఊళ్లు అచ్చుపోసిన పలకలను దాని మీద కావలసినట్టు పేర్చుకోవచ్చు. చూడముచ్చటైన వస్తువే గానీ, రాజభవనం దాటి పోయేది కాదు.

సైనికాధికారి అయిన అతని కొడుకు 1824లో పలకలు తీసేసి పటం పెట్టాడు. కొలత 1:8000, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 80 మీటర్లు. ఒక్కో ఎత్తు రెండు నిమిషాల కాలం. కాలిబంటు నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడనుకుంటే ఒక ఎత్తులో రెండు సెంటీమీటర్లు జరుగుతాడు. దూరం, కాలం అలా ఒక్క లెక్కలో కుదిరాయి. గురి తప్పడం, అదృష్టం పాచికల వంతు. ఆటగాళ్లు చీటీల మీద ఆజ్ఞలు రాసిస్తే అంపైర్ వాటిని అమలు చేస్తాడు. శత్రువు కంటపడితేనే అతని దళానికి గుర్తుగా ఉన్న దిమ్మను పటం మీద పెడతాడు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఈ అంపైరే. తెలియనితనాన్ని ఆటలోకి తెచ్చింది అతనే.

ఆ కొడుకు 1827లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1870–71లో ఫ్రాన్సును ప్రష్యా ఓడించాక మిగతా దేశాల సైన్యాలు ఈ ఆటను నేర్చుకోవడం అతను చూడలేదు. 1913లో హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు పుస్తకమే రాశాడు. బొమ్మలతో పోరు, పటంతో దండయాత్ర – ఈ రెండూ కలిస్తేనే నాకు కావలసిన ఆట.

దండయాత్రకు ఎక్కువ నేల పట్టే పటం కావాలి. నేను సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు పెట్టుకున్నాను. ఒక్కో ఎత్తు ఒక రోజు. రోజుకు 20 కిలోమీటర్లు నడిస్తే ఎనిమిది సెంటీమీటర్లు. ఒక గదిలో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్, ఇంకో గదిలో కోటలోని ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్, ఎవరి పటం వారిది. నిజమైన పటం అంపైర్ దగ్గర. సైన్యాలు ఎదురుపడితేనే బల్ల మీదకు బొమ్మలు దిగుతాయి.

ఫోర్డ్ పక్షానికి మాత్రమే తెలిసిన రహస్యం ఒకటుంది. ఏప్రిల్ 7 నాటికి అతని దగ్గర రెండు రోజుల మందుగుండే మిగిలింది. జీతాలకు డబ్బు లేక సైనికులు అంతకుముందే తిరగబడ్డారు. బెజవాడ దిక్కున సలాబత్ జంగ్ ఉన్నాడు, బయట తిరుగుతున్న మరో ఫ్రెంచి దండు అతనితో కలవబోతోంది. వెనక్కి పోవాలా, కోటమీద పడాలా? అర్ధరాత్రికి సముద్రపు పోటు తీసి అగడ్తలో నీరు తగ్గుతుంది. ఫోర్డ్ ఆ ఘడియనే పట్టుకున్నాడు. నైరుతి బురదలోంచి ఉత్తుత్తి దాడి చేయించి, అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద నడిపాడు. తెల్లవారేసరికి కోట అతనిదైంది.

అందుకే నా ఆటలో ఆటుపోట్ల పట్టిక ఉంది, మందుగుండు లెక్క చీటీ ఉంది. సలాబత్ జంగ్‌ను పావుగా వదిలేయడానికి మనసొప్పలేదు. ఇక్కడ ఫ్రెంచివారికి సాయపడాలి, అక్కడ హైదరాబాదులో తమ్ముడు నిజాం అలీ గద్దె లాగేస్తాడేమోనని భయం. ఈ రెంటి మధ్య ఊగిసలాడటానికి మూడో మనిషి కావాలి.

కోట పడిన కొద్ది రోజులకు ఫ్రెంచి సహాయ దళంతో ఓడలు బందరు తీరంలో కనిపించాయి. నా ఆటలో అవి ఏ రోజు వస్తాయో ముందుగా రాసిపెట్టలేదు. ప్రతి ఉదయం అంపైర్ తన గదిలో, ఎవరికీ చూపకుండా పాచిక వేస్తాడు.