మూడు చక్రాల మోటారు సైకిలు, వెనకాల డేరా బండి

గుంటూరు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. వారి అన్నగారు చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. వయస్సు 64. ఉద్యోగ విరమణ అయింది. రక్తపోటుకూ, మధుమేహానికీ మాత్రలు మింగుతున్నారు. ఎనిమిది నెలల క్రితం కుడి మోకాలి కీలు మార్చారు. ఇప్పుడాయన మూడు చక్రాల మోటారు సైకిలు కొని, దాని వెనకాల చిన్న డేరా బండి తగిలించి, భార్యను ఎక్కించుకుని కొలరాడో కొండలకు పోయివస్తానంటున్నారట. “వదిన ఫోనులో ఒకటే ఏడుపు. అన్నయ్య మీ శీర్షిక వదలకుండా చదువుతాడు. వద్దని రాయండి డాక్టరుగారూ!” అని సోదరి కోరిక.

వద్దని రాయలేను. ఎందుకో చెప్తాను.

మూడు చక్రాలనగానే మన పాఠకులకు ఆటో రిక్షా గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. ముందు మోటారు సైకిలే, వెనక మాత్రం రెండు చక్రాలు. అమెరికాలో ఇది కొత్త వింతేమీ కాదు. హార్లీ డేవిడ్సన్ వారు 1932 నుంచి 1973 వరకు ‘సర్వి కార్’ అనే మూడు చక్రాల బండి తయారు చేశారు. పోలీసులు కూడా దానిని వాడేవారు. అదే కంపెనీ 2009 మోడల్‌గా ‘ట్రై గ్లైడ్’ తెచ్చింది. దీనిని ఇష్టపడేవారిలో వయస్సు మళ్లినవారు ఎక్కువ. ఏమంటే, ఆగినప్పుడు బండి పక్కకు ఒరగదు. నాలుగు వందల కిలోల బరువును మోకాళ్లమీద ఆపుకోనక్కరలేదు. కీళ్లు అరిగినవారికి రెండు చక్రాల బండికన్నా ఇది నయమే. అన్నగారి ఎంపిక తెలివితక్కువది కాదని వదినగారు గ్రహించాలి.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. యాభయ్యేళ్లు రెండు చక్రాల బండి నడిపిన కాలికి ఒక అలవాటు ఉంటుంది. బండి నెమ్మదించగానే దానంతటదే నేలమీదికి దిగుతుంది. మూడు చక్రాల బండిలో మనిషి కాలికి సరిగ్గా వెనకనే వెడల్పాటి చక్రం ఉంది. కదిలే బండిమీంచి కాలు దించితే ఆ చక్రం మడమనో, పిక్కనో తొక్కి లోపలికి లాగేస్తుంది. చీలమండ విరగవచ్చు. కొత్త కీలు వేసిన మోకాలు మెలిపడితే ఆపరేషన్ చేసిన సర్జనుగారి శ్రమ బూడిదలో పోసినట్లే. మధుమేహం ఉన్నవారి పాదానికి గాయమైతే మానటం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. కనుక మొదటి నెల రోజులూ ఖాళీ మైదానంలో, ట్రెయిలరు లేకుండా, బండి పూర్తిగా ఆగేదాకా రెండు కాళ్లూ పైనే ఉంచటం అభ్యాసం చెయ్యాలి. బూట్లు చీలమండ దాటి పైకి రావాలి. బ్రేకు తొక్కేది కుడికాలు గనుక, ఆ మోకాలు నొప్పి లేకుండా ఒక్కసారిగా గట్టిగా తొక్కగలుగుతోందా అన్నది సర్జనుగారి చేత పరీక్ష చేయించుకోవాలి.

రెండోది భుజాలు. రెండు చక్రాల బండి మలుపులో తానే వాలుతుంది. ఇది వాలదు. హాండిలును చేతులతో తోసి తిప్పాలి, ఒళ్లేమో మలుపుకు బయటివైపుకు విసిరినట్లవుతుంది. కొండదారిలో గంటసేపు ఇలా నడిపితే భుజాలూ మెడా పట్టేస్తాయి. భుజం బిగిసిపోయే జబ్బు మధుమేహ రోగుల్లో ఎక్కువ. చెయ్యి పైకెత్తి వీపు గోక్కోలేకపోతున్నారంటే ముందు దానికి చికిత్స, తరువాతే ప్రయాణం.

ఇక డేరా బండి. మడిస్తే పెట్టె, విప్పితే పడక. ఈ రకం చిన్నవి సామానుతో కలిపి 150, 200 కిలోలు తూగుతాయి. మోటారు సైకిలు కంపెనీలు కొన్ని ట్రెయిలరు తగిలించవద్దనే పుస్తకంలో రాస్తాయి. అన్నగారు ఆ పేజీ చదివారో లేదో వదినగారు అడగాలి. కంపెనీ ఒప్పుకున్నదనుకుందాం. బరువంతా వెనక్కు పేరిస్తే తోక ఊగినట్లు ట్రెయిలరు అటూ ఇటూ ఊగుతుంది. మొత్తం బరువులో పదోవంతు, ఆపైన కొంచెం, కొక్కెంమీద పడేటట్లు బరువైన సామాను ముందువైపు సర్దుకోవాలి. ఊగటం మొదలైతే గాభరాపడి బ్రేకు తొక్కకూడదు. హాండిలు తిన్నగా పట్టుకుని వేగం మెల్లగా తగ్గించాలి.

నడుము పట్టటం మటుకు రోడ్డుమీద కాదు, గడ్డిలో బండిని చేత్తో తిప్పేటప్పుడు జరుగుతుంది. దినమంతా కూర్చుని దిగీ దిగగానే వంగి లాగితే వెన్ను బెసుకుతుంది. దిగాక పది నిమిషాలు నడిచి, అప్పుడు బండికి ఎదురుగా మోకాళ్లు వంచి, నడుము వంచకుండా తొయ్యండి. హెర్నియా ఉన్నవారు ఆ పని ఇంకొకరికి అప్పగించాలి.

హెల్మెట్ సంగతి. టెక్సాస్‌లో 21 ఏళ్లు దాటినవారు కొన్ని షరతులమీద అది లేకుండా నడపవచ్చు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన పుర్రె గట్టిపడదు గదా! పెట్టుకోవలసిందే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటిపోతుంది. ఎనిమిది గంటలు వినటానికి 85 హద్దని అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ చెప్తుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. మెత్తటి చెవిబిరడాలు కొద్దిపాటి డబ్బుకే దొరుకుతాయి.

ఎండలో గాలి ఒంటికి తగులుతుంటే చల్లగా ఉన్నట్లే ఉంటుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది గనుక ఎంత నీరు పోయిందో తెలియదు. రక్తపోటుకు మూత్రం జారీచేసే మాత్ర వాడేవారికి ఇది మరీ ప్రమాదం, దిగి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మధుమేహానికి వాడే మాత్రల్లో కొన్ని, భోజనం వేళ తప్పితే చక్కెరను మరీ తగ్గించేస్తాయి. చెమటలు, వణుకు, మతిమరుపు మాటలు దాని గుర్తులు. గ్లూకోజు జేబులో ఉండాలి, ట్రెయిలరులో కాదు. బండి ఎక్కేముందు రక్తంలో చక్కెర చూసుకోవాలి. జలుబుకని నిద్ర తెప్పించే మాత్రలు మింగి నడపకూడదు.

ఇన్ని చెప్పినా నాకు ఎక్కువ భయం రాత్రి గురించే. కొండలమీద వేసవిలోనూ చలి. డేరాలో జిప్పులన్నీ బిగించి, బొగ్గుల పొయ్యో, గ్యాసు పొయ్యో లోపలికి తెచ్చుకుని పడుకుంటారు. మన ఇళ్లల్లో పురిటి గదిలో కుంపటి పెట్టి తలుపులు మూసేవారు గుర్తుందా? బాలింతకు తలనొప్పి వస్తే శీతలం చేసిందనేవారు. చాలాసార్లు అది కార్బన్ మోనాక్సైడ్ చేసిన పని. రంగులేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బొగ్గులకు బూడిద కమ్మినా వాయువు వెలువడుతూనే ఉంటుంది. తలనొప్పి, వాంతి, మగత, ఆ మగతలోనే ప్రాణం పోతుంది. మండే వస్తువేదీ డేరాలోకి రాకూడదు. బ్యాటరీతో పనిచేసే హెచ్చరిక పరికరాలు అమ్ముతున్నారు. ఒకటి పడక పక్కన పెట్టుకోవాలి.

కొలరాడోలో ఇంకో తికమక. 2,500 మీటర్లు దాటిన ఎత్తులో ఒక్కసారిగా వెళ్లి పడుకుంటే ఆ ఎత్తుకే తలనొప్పీ, వాంతులూ వస్తాయి. రెండింటి లక్షణాలూ ఒకటే! కాబట్టి డేరాలో తలనొప్పి వస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా ఇద్దరూ బయటికి రావాలి. వెంటనే సహాయానికి ఫోను చెయ్యాలి. ఎత్తువల్ల వచ్చినదైతే కిందికి దిగాలి. అసలు 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో రెండు రాత్రులు గడిపి పైకి వెళ్లటం మంచిది.

వదినగారికి రెండు మాటలు. వెనక కూర్చున్నవారు కదలరు, కాళ్లు వాస్తాయి. గంటన్నరకొకసారి ఆపించి నడవండి. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే ఆసుపత్రికి పోవాలి, అది రక్తం గడ్డ కావచ్చు. దారిలో వసతి ఉండదని నీళ్లు మానెయ్యకండి, మూత్రంలో మంట వస్తుంది. మొదటి రాత్రి కొలరాడోలో కాదు, మీ ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న చోట గడపండి. తెల్లవారి లేచాక అన్నగారి మోకాలు ఎంత వాచిందో చూసి, మిగతా ప్రయాణం సంగతి అప్పుడు మాట్లాడుకోండి.