నాలుగు సిలిండర్ల టర్బో పందెపుకారు

సైకిలు చక్రమునకు గాలికొట్టు పంపును చేతఁబట్టిన బాలురకెల్ల ఒక సంగతి తెలియును. కొంతసేపు కొట్టఁగానే పంపు అడుగుభాగము చేతికి కాలును. నిప్పు లేదు, ఎండ లేదు. గాలిని నొక్కుటచేతనే ఆ వేఁడి పుట్టినది. మేము ఈ వ్యాసమున వర్ణింపఁబూనిన మహాయంత్రముయొక్క కష్టసుఖములన్నియు ఈ చిన్న వేఁడిలోనే యిమిడియున్నవి.

1966వ సంవత్సరము మొదలుకొని ఫార్ములా వన్ పందెములందు రెండువిధములైన ఇంజనులకు అనుమతి యుండెను. తమంతట గాలిని పీల్చుకొనునవి మూఁడు లీటర్లవరకును, బలవంతముగా గాలిని ఎక్కించుకొనునవి లీటరున్నరవరకును ఉండవచ్చును. సగము పరిమాణము గల ఇంజను పెద్దదానిని గెలుచునని చాలకాలము ఎవరును నమ్మలేదు. 1977లో ఫ్రాన్సుదేశపు రెనో కంపెనీవారు మొదట సాహసించిరి. పిమ్మట జర్మనీలోని మ్యూనిక్ నగరపు బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారు పాల్ రోషె అను ఇంజనీరు నాయకత్వమున నాలుగే సిలిండర్లు గల చిన్న ఇంజనును సిద్ధము చేసి, ఇంగ్లండులోని బ్రభామ్ జట్టునకు ఇచ్చిరి. ఆ కారు కథయే మాకు ఉదాహరణము.

ఇంజను బలమునకు మూలమేమి? పెట్రోలని పలువురు చెప్పుదురు. కాని పెట్రోలును ఎంతయైనను పోయవచ్చును. దానిని మండించుటకుఁ జాలినంత గాలి దొరకుటయే కష్టము. లీటరున్నర ఇంజను నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుఁడు. రెండుచుట్లకు ఒకమాఱు సిలిండర్లన్నియు నిండును గనుక, అది నిమిషమునకు 7,500 లీటర్ల గాలిని పీల్చును. అంతకుమించి పీల్చుటకు దానికి శక్తి లేదు. కావున మనమే కూరి నింపవలయును.

మన కమ్మరి కొలిమిలో నిప్పు మందముగా నున్నప్పుడు తిత్తి ఊఁదును. ఇచ్చటను అదే పని. అయితే ఈ తిత్తిని ఊఁదుటకు వేఱొక మనిషి యక్కఱలేదు. ఇంజనునుండి వెలువడు వేఁడిపొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసు రెండవకొననున్న మఱియొక చక్రము బయటిగాలిని నొక్కి ఇంజనులోనికిఁ బంపును. వ్యర్థముగాఁ బోవు పొగయే తిత్తి ఊఁదు కూలివాఁడయ్యెను. దీనినే టర్బోఛార్జరందురు. స్విట్జర్లండు ఇంజనీరైన ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే ఈ యుపాయమునకు పేటెంటు పొందెను. ఈ చక్రములు నిమిషమునకు లక్షచుట్లకుఁ బైగా తిరుగును.

ఇప్పుడు సైకిలు పంపును జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. 30 డిగ్రీల వేఁడిగల గాలిని మూఁడింతల పీడనమునకు నొక్కినచో, చక్రము నూటికి డెబ్బదిపాళ్లు సమర్థముగాఁ బనిచేసినను, ఆ గాలి సుమారు 190 డిగ్రీలవఱకు వేఁడెక్కును. వేఁడిగాలి వ్యాకోచించును గనుక, మూఁడింతలు నొక్కినను లోనికిఁ బోవు గాలి రెండింతలైనను కాదు. అందువలన గాలిని త్రోవలో నొక రేడియేటరువంటి పెట్టెగుండ పోనిచ్చి చల్లార్తురు. దీనికి ఇంటర్‌కూలరని పేరు. అచ్చట 60 డిగ్రీలకు దిగినచో అదే గాలి సుమారు రెండుమ్ముప్పాతికింతలగును. చల్లార్చుటవలన బలము పెరుగుట ఇట్లు లెక్కకు వచ్చుచున్నది.

చల్లార్చుటకు మఱియొక కారణమును గలదు. మితిమీఱిన వేఁడియు పీడనమును కలసినప్పుడు, నిప్పురవ్వవలన క్రమముగా మండవలసిన యింధనము ఒక్కుమ్మడిగాఁ బ్రేలును. పిస్టనుమీఁద సుత్తితోఁ గొట్టినట్లు దెబ్బ పడును. కొలఁదిసేపటిలో పిస్టను పగులును, లేదా కరఁగి రంధ్రము పడును. దీనిని తప్పించుటకై సిలిండరులో నొక్కుడును మామూలు ఇంజనుకంటె తగ్గింతురు. నిప్పురవ్వను కొంచెము ఆలస్యము చేయుదురు. ప్రేలుడునకు లొంగని యింధనమును వాడుదురు. బి.ఎం.డబ్ల్యు. వారు టొలువీను అధికముగాఁ గల ప్రత్యేకపు పెట్రోలును వాడిరి.

ఇంత తాఁకిడిని ఓర్చుకొనుటకు ఇంజను దిమ్మ ఎట్టిదై యుండవలయును? ఇచ్చట చదువరులు ఆశ్చర్యపడుదురు. ఆ దిమ్మ 1960ల నాఁటి బి.ఎం.డబ్ల్యు. కుటుంబపు కార్లలోని సామాన్యపు పోతయినుప దిమ్మయే. అంతియకాదు, క్రొత్తవానికంటె వేలకొలఁది మైళ్లు తిరిగిన పాతవానినే వారు కోరి యేఱుకొనిరి. పోతపోసినప్పుడు ఇనుములో నిలిచిపోయిన బిగువులు, మాటిమాటికి వేఁడెక్కి చల్లాఱుటచేత సడలి, దిమ్మ స్థిరపడును. మన వడ్రంగి పచ్చికఱ్ఱతో బండిచక్రము చేయఁడు. ఎండి కుదిరిన తుమ్మనే వెదకును. ఇదియు నట్టిదే. దానిమీఁద పదునాఱు వాల్వులు గల క్రొత్త తలను అమర్చిరి. సిలిండరు వ్యాసము 89.2 మిల్లీమీటర్లు, పిస్టను నడక 60 మిల్లీమీటర్లు. 10,000 చుట్లవద్ద ఆ పిస్టను సగటున సెకండునకు 20 మీటర్లు పోవుచు, నిమిషమునకు 20,000 మాఱులు ఆఁగి వెనుదిరుగవలయును.

ఇంజనును కూర్చుట సగము పనియే. దానిని సవరించుట మిగిలిన సగము. పరీక్షశాలలో ఇంజనును పీఠముపై బిగించి, ప్రతి వేగమునందును ప్రతి పీడనమునందును ఎంత యింధనము పోయవలయునో, నిప్పురవ్వ ఎప్పుడు రాలవలయునో కొలిచి పట్టిక వ్రాయుదురు. ఇంధనము తక్కువైనచో పిస్టను కాలును. ఎక్కువైనచో తొట్టి ముందుగానే వట్టిపోవును. నిప్పురవ్వ తొందరపడినచో ప్రేలుడు. ఆలసించినచో వేఁడి పొగలోఁ గలసి టర్బోచక్రమును కాల్చును. ఈ పట్టికను బాష్ కంపెనీవారి ఎలక్ట్రానిక్ పెట్టె గుర్తుంచుకొని, క్షణక్షణము అమలుపఱచుచుండెను. గాలి మితిమీఱకుండ పొగలో కొంతభాగమును చక్రమునకుఁ జేరనీయక ప్రక్కకు వదలు వాల్వు ఒకటి కలదు. ఆ పీడనమును తగ్గించుటకు హెచ్చించుటకు తోలువానిచెంత ఒక మరను అమర్చిరి.

దీనికొక లోపము లేకపోలేదు. తోలువాఁడు మలుపు దాఁటి పెడలును నొక్కఁగానే బలము రాదు. పొగ పెరిగి, చక్రము వేగమందుకొనువఱకు కారు మందముగా నుండి, పిదప నొక్కసారిగా ఉఱుకును. కావున మలుపులో నుండఁగానే, బలము ఎప్పుడు వచ్చునో ముందుగా ఊహించి పెడలును నొక్కవలసి యుండెను.

1982 జూన్ 6వ తేదీన డెట్రాయిట్ పందెమునకు, అంతకుముందేఁడు జగజ్జేతయైన నెల్సన్ పికే ఈ యింజనుతో అర్హత కూడ పొందలేకపోయెను. ఇఁక ఈ ప్రయత్నము ముగిసినదని పలువురు తలఁచిరి. కాని వారము తిరుగఁగానే, జూన్ 13వ తేదీన మాంట్రియల్‌లో అతఁడే అదే ఇంజనుతో గెలిచెను. 1983కు గార్డన్ ముఱ్ఱే అను రూపశిల్పి, కారు అడుగు సమముగా నుండవలెనను క్రొత్త నియమమునకుఁ దగినట్లు, బాణపుములికివంటి సన్నని కారును నిర్మించెను. రేడియేటర్లను వెనుకకుఁ జేర్చి, బరువును తోలు చక్రములమీఁద మోపెను.

ఆ యేఁటి తుదిపందెము అక్టోబరు 15న దక్షిణాఫ్రికాలోని క్యాలామిలో జరిగెను. రెనో కారు తోలు అలేన్ ప్రోస్ట్‌కు 57 గుణములు, పికేకు 55. ఆ స్థలము సముద్రమట్టమునకు చాల ఎత్తు. అచ్చటి పలుచనిగాలిలో టర్బోలే మేలు. పికే తక్కువ యింధనముతో బయలుదేఱి ముందుకు దూసికొనిపోయెను. నడుమ ప్రోస్ట్ కారులో టర్బోయే చెడి అతఁడు విరమించెను. అప్పుడు పికే ఏమి చేసెను? మరను త్రిప్పి పీడనమును తగ్గించి, ఇతరులను ముందుకుఁ బోనిచ్చి, మూఁడవవాఁడుగా వచ్చెను. రెండు గుణముల తేడాతో, 59కి 57గా, జగజ్జేత యయ్యెను. టర్బో కారుతో ఆ బిరుదు పొందినవారిలో అతఁడే మొదటివాఁడు. బలమును పెంచుటకై యేండ్లతరబడి శ్రమించిన ఆ యింజను, దానిని తగ్గించుకొన నెఱిఁగినవానిని గెలిపించినది.

ఈ మాట అందఱును గుర్తుంచుకొనలేదు. 1986 నాఁటికి అర్హతపరుగులలో ఇంజనుల బలము వేయి అశ్వశక్తులను దాఁటెను. ఆ యేఁడు మే నెలలో ఫ్రాన్సులోని పాల్ రికార్ బాటపై పరీక్షజరుగుచుండఁగా, బ్రభామ్ కారు వెనుక రెక్క ఊడి, కారు పల్టీలుకొట్టి మంటలంటుకొన్నది. ఎలియో డి ఆంజెలిస్ అను ఇటలీ యువకుఁడు మరణించెను. తప్పు ఇంజనుది కాదు. కాని సహాయము చేయువారు తగినంతమంది అచ్చట లేరు. పందెమునాఁడు ఉండు జాగ్రత్తలు పరీక్షనాఁడును ఉండవలెనని అప్పటికిగాని లోకమునకుఁ దెలియలేదు. 1987లోను 1988లోను గాలి పీడనమునకు హద్దులు విధించి, 1989 నుండి టర్బోలను నిషేధించిరి. 2014లో అవి ఇంధనమును పొదుపు చేయు యంత్రములుగా మరల వచ్చినవి. నేఁడు మన రోడ్లమీఁద పోవు లారీలలోను చిన్నకార్లలోను ఆ చక్రమే తిరుగుచున్నది.

కావున ప్రియవిద్యార్థులారా, ఈసారి సైకిలు పంపు చేతికి వేఁడిగాఁ దగిలినప్పుడు దానిని విదిలించి పాఱవేయకుఁడు. ఎంత వేఁడెక్కినది, ఏల వేఁడెక్కినది అని ఒక్కమాఱు కొలిచి చూడుఁడు. కొలత తెలిసినవానికి బలము సేవకుఁడు. తెలియనివానికి అదియే శత్రువు.